కొంచెం లైట్ చేయమంటారా

మొన్న మా అన్నయ్య కొడుకుని డిగ్రీలో చేర్పించడానికి విజయనగరం వెళ్లాను. ఫీజు కట్టే వరస ఎంతకీ కదలకపోవడంతో వాడిని వెంటబెట్టుకుని కాలేజీ అంతా ఒకసారి చుట్టి వచ్చాను. అది నేను చదువుకున్న కాలేజీ కాదు. ఊరి చివర కొత్తగా కట్టిన భవనం. గోడలకు రంగు వాసన కూడా ఇంకా పోలేదు. అయినా రెండో అంతస్తులో ఒక గది తలుపు మీద "చెప్పులు బయట విడువవలెను" అని అతికించిన కాగితం చూసి నా కాళ్లు ఆగిపోయాయి. తలుపు తీయగానే చల్లగాలితో పాటు ఒక వాసన వచ్చింది. తడి ఆరని కార్పెట్టు, వేడెక్కిన ప్లాస్టిక్కు, దుమ్ము, ముప్ఫై మంది విప్పిన చెప్పులు, పొద్దున ఎవరో వెలిగించి వెళ్లిన అగరుబత్తి, ఇవన్నీ కలిసిన వాసన అది. మంచి వాసన అని ఎవరూ అనరు. నేను మాత్రం చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ఖాళీగా ఉన్న ఒక కుర్చీలో అడగకుండానే కూర్చున్నాను.

"ఏటత్తా, కూకుండిపోనావు?" అన్నాడు మేనల్లుడు.

వాడికి ఏమని చెప్పను? అటువంటి గదిలోనే, వాడి వయసులోనే, నా ముఖం ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశానని చెబితే నవ్వుతాడు.

*

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. మా ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ దాన్ని చూసేవారు కాదు. మిల్లు కూత వేస్తే లేవడం, కూత వేస్తే వంట దించడం అలవాటు. నాన్న షిఫ్టు దిగి వచ్చేసరికి తల మీద, కనుబొమల మీద, చొక్కా మడతల్లో జనపనార నూగు పట్టి, ఎండలో నిలబడితే మనిషి మొత్తం పసుపు పూసినట్టు మెరిసేవారు. నేను పొద్దుటి కూతకి క్యారేజీ సర్దుకుని, విజయనగరం బస్సెక్కి, గంటస్తంభం మీదుగా నడిచి కాలేజీకి చేరేదాన్ని.

డిగ్రీలో మాకు మూడు సబ్జెక్టులతో పాటు డిజిటల్ ఆర్ట్ అని ఒక కోర్సు కొత్తగా పెట్టారు. అదేమిటో సరిగా తెలియకుండానే ఇరవై నలుగురం చేరాం. ఏసీ గదిలో కూర్చోవచ్చని చేరినవాళ్లే ఎక్కువ. నేనూ వాళ్లలో ఒకదాన్ని. పన్నెండు కంప్యూటర్లు ఉండేవి, అంటే ఇద్దరికి ఒకటి. నా పక్క కుర్చీలో బొబ్బిలి నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. మూడేళ్లూ మేమిద్దరం ఒకే మౌసు పంచుకున్నాం.

ఆ మౌసు గురించి ఇప్పటి పిల్లలకు తెలియదు. దాని పొట్టలో రబ్బరు బంతి ఉండేది. బంతికి పట్టిన దుమ్ము లోపలి రోలర్ల మీద నల్లటి పట్టీలా పేరుకుపోతే బాణం గుర్తు ఒకచోట ఆగి మరోచోట దూకేది. క్లాసు మొదలవగానే అందరం మౌసులు వెల్లకిలా తిప్పి, మూత తీసి, బంతిని ఒళ్లో పెట్టుకుని, పిన్నీసుతో ఆ పట్టీ గీరుకునేవాళ్లం. పెసలు ఏరే పని లాగే అదీ కబుర్లతో సాగేది. పెద్ద మానిటర్లు స్విచ్చి వేయగానే ఒక్కొక్కటీ "డంగ్" మని శబ్దం చేసేవి. తెర దగ్గరకు చెయ్యి తీసుకెళ్తే చేతిమీది వెంట్రుకలు లేచి నిలబడేవి. కరెంటు పోయిన మరుక్షణం గది మూలలోంచి యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టేది. ఆ అరుపు వినగానే ఇరవై నాలుగు గొంతులూ ఒకేసారి "కంట్రోల్ ఎస్" అని కేక వేసేవి. దసరాకు ఆయుధపూజ నాడు ప్రతి మానిటరుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాళ్లం. ఆ బొట్టు తెర అంచు మీదికి కారి, సంక్రాంతి దాకా మా బొమ్మల మీద ఒక ఎర్రటి మచ్చ ఉండిపోయేది.

మాకు పాఠం చెప్పే మేడం ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివిన మనిషి. రోజూ విశాఖపట్నం నుంచి పాసింజరులో వచ్చేవారు. కిరండూల్ లైను కలిసే కొత్తవలసలో ఖనిజం గూడ్సుకు దారివ్వడానికి బండి ఆగిపోతే ఆ రోజు మాకు క్లాసు ఆలస్యం. ఆవిడ వచ్చిన వెంటనే చేసే మొదటి పని, తలుపు బయట చిందరవందరగా పడి ఉన్న మా చెప్పులను కాలితో జతలు జతలుగా సర్దడం. ఎందుకు మేడం అని అడిగితే, "కంటికి అడ్డంగా ఉన్నాయి" అనేవారు.

*

మేము బొమ్మలు వేసే ఇలస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ లో పెన్ టూల్ అని ఒకటి ఉండేది. అంటే కలంలా పట్టుకుని గీసేది అనుకున్నాం. దానితో గీయడం కుదరదు, చుక్కలు పెట్టడమే. ఒక చుక్క పెట్టి, మరోచోట నొక్కితే ఆ రెంటి మధ్య తిన్నని గీత దానంతట అదే పడుతుంది. నొక్కిన వేలు వదలకుండా లాగితే చుక్కకు రెండు వైపులా మీసాల్లాంటి హ్యాండిల్స్ పుట్టుకొచ్చి, గీత వంపు తిరుగుతుంది. మీసం ఎంత పొడుగైతే వంపు అంత నిండుగా వస్తుంది. మొదటి రెండు వారాలు నేను ఎటు లాగినా గీత మరో వైపు పోయేది. కుక్కని గొలుసు పట్టుకుని నడిపిస్తున్నామో, అదే మనల్ని నడిపిస్తోందో తెలియని స్థితి.

నాకు ఆ కిటుకు అర్థమైంది ల్యాబులో కాదు, మా ఇంటి వాకిట్లో. ధనుర్మాసం. నాయనమ్మ తెల్లవారకముందే లేచి మెలికల ముగ్గు వేస్తోంది. చుక్కల ముగ్గుల్లో చుక్కలను గీతలతో కలిపేవి ఒక రకం. మెలికల ముగ్గులో గీత చుక్కని ముట్టుకోదు. దాని పక్కనుంచి ఒదిగి, చుట్టు తిరిగి పోతుంది. అయినా ఆ చుక్క అక్కడ లేకపోతే గీత అలా తిరగదు. లాంతరు పట్టుకుని నిలబడి చూస్తున్న నాకు ఒక్కసారిగా తెరమీది మీసాలు గుర్తుకొచ్చాయి. మీసం కొసన ఉండే ఆ చిన్న బిందువు కూడా అటువంటిదే. గీత దాన్ని తాకదు, కానీ దాని వైపు మొగ్గుతుంది. ఆ పొద్దున క్లాసుకు వెళ్లి, ఒక వంపు సరిగా తీసి, బొబ్బిలి అమ్మాయి వీపు మీద సంతోషం పట్టలేక ఒక్కటి చరిచాను.

మేడం ఈ గీతల పుట్టుక గురించి ఒకసారి చెప్పారు. 1960ల్లో ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియరీ బెజియే, కారు ఒంటి వంపులను కంప్యూటరుకు అర్థమయ్యే లెక్కగా చెప్పడానికి వీటిని వాడి పదిమందికీ తెలియజేశాడు కాబట్టి ఆయన పేరు మిగిలిపోయింది. అంతకు ముందే, 1959లో, సిట్రోయెన్ కంపెనీలో పనిచేస్తున్న పాల్ ద కాస్టెల్జో ఇదే లెక్క కట్టాడు గానీ, ఆ కంపెనీ దాన్ని గుట్టుగా ఉంచింది. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్ లోని పెన్ టూలుకూ అదే లెక్క ఆధారం. "కారు తలుపు కోసం పుట్టిన గీతతో రేపు మీరు మీ చెంప గీస్తారు" అన్నారావిడ. ఆ మాట విని మేమంతా నవ్వాం. చెంపలు గీయవలసి వస్తుందని మాకు అప్పటికి తెలియదు.

మొదటి అభ్యాసం గంటస్తంభం. ఎనిమిది పలకలు, అన్నీ తిన్నని గీతలు, గంటలో అయిపోయింది. రెండోది పైడితల్లమ్మ సిరిమాను. ఆకాశంలోకి ఏటవాలుగా లేచిన అంత పొడుగు చింతమానును, కొసన పూజారి కూర్చుంటే అది వంగే వంపుతో సహా, ఒక్కో అంచుకు రెండేసి పాయింట్లు, అంటే పెన్ టూలు చుక్కలు, మించకుండా గీయమన్నారు. నేను ఏడు పెట్టాను. మేడం వెనక నిలబడి, ఒక్కొక్క పాయింటునూ తీసేస్తూ, "ఇది లేకపోతే ఏమైంది? ఇది లేకపోతే?" అని అడుగుతూ వచ్చారు. ఐదు పోయాక గీత మొదటికన్నా బాగుంది. నాకు మాత్రం చేతిలోంచి ఎవరో ఐదు పైసలు లాక్కున్నట్టు అనిపించింది.

*

రెండో ఏడాది ఆఖరి ప్రాజెక్టు, మన ముఖం మనమే వెక్టర్ లో, అంటే పెన్ టూలు గీతలతో కట్టిన ఆకారాలతో, గీయడం. ఫోటోని అడుగు పొరలో పెట్టి, సగం వెలిసినట్టు చేసి, తాళం వేసి, దాని మీద ఒక్కొక్క నీడనూ ఒక్కొక్క ఆకారంగా కట్టుకుంటూ రావాలి. చివరకు ఫోటో తీసేస్తే మనం గీసింది నిలబడాలి.

మా ఇంట్లో ఆడపిల్ల అద్దం ముందు ఎక్కువసేపు నిలబడకూడదు. "ఒలే గుంటా, అద్దం అరిగిపోతాది" అని నాయనమ్మ వంటింట్లోంచి అరిచేది. మా అద్దం కూడా గుమ్మం పక్కన మేకుకు వేలాడే అరచేయి వెడల్పు అద్దం. దానిలో బొట్టు పెట్టుకుంటే కన్ను కనపడదు, జడ చూసుకుంటే బొట్టు కనపడదు. అలాంటిది కాలేజీవాళ్లే కుర్చీ వేసి, ఏసీ వేసి, నీ ముఖం చూడు అని చెబితే సిగ్గుగానూ ఉండేది, ఎవరిదో సొమ్ము దొంగతనంగా తింటున్నట్టుగానూ ఉండేది.

మేడం మమ్మల్ని వరండాలో కిటికీ పక్కన ఒక్కొక్కరినీ నిలబెట్టి, వెలుగు ఒక వైపు నుంచి మాత్రమే పడేటట్టు చూసి, కాలేజీ డిజిటల్ కెమెరాతో ఫోటో తీశారు. నవ్వవద్దన్నారు. నవ్వితే పళ్లు గీయాలి, పళ్లు గీయడం మీవల్ల కాదు అన్నారు. మానిటరు నిండా నా ముఖం మొదటిసారి చూసినప్పుడు బొబ్బిలి అమ్మాయి భుజం చాటుకు తప్పుకున్నాను. అంత పెద్దగా నా ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఇంకా దగ్గరగా జూమ్ చేస్తే కన్ను పోయి చతురస్రాలు వచ్చాయి. నాన్న తెచ్చే గోనె నేత లాగే ఉంది, పడుగూ పేకా కనిపిస్తూ.

మొదట బొట్టు గీద్దామనుకున్నాను. స్టిక్కరు బొట్టు గుండ్రంగానే ఉంటుంది కదా, దానికి పెన్ టూలుతో పని లేదు, వృత్తం గీసే టూలు చాలు అనుకున్నాను. గీసి పెడితే నుదుటి మీద గాలిలో తేలుతున్నట్టు ఉంది. ముఖం కాస్త పక్కకు తిరిగినప్పుడు గుండ్రటి బొట్టు కూడా కోలగా, వాలుగా అవుతుందని నాకు ఆ రోజు తెలిసింది. రోజూ పెట్టుకునే బొట్టే అది.

ముక్కు దగ్గర తొమ్మిది రోజులు ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి ముక్కు గీయమంటే ఒక గీత గీసి కింద రెండు సున్నాలు పెట్టడం అలవాటు. ఫోటోలో ఎంత వెతికినా ఆ గీత లేదు. ఒక వైపు నీడ ఉంది, కొన మీద మెరుపు ఉంది, ముక్కుపుడక పక్కన సన్నటి చీకటి ఉంది, అంతే. "లేని గీతను గీయకండి" అని మేడం అందరికీ వినపడేటట్టు చెప్పారు. నీడ ఆకారం, దాని లోపల మరింత ముదురు నీడ, దాని పక్కన మెరుపు ముక్క, ఇలా నాలుగు ఆకారాలు పేర్చేసరికి ముక్కు తనంతట తానే లేచి కూర్చుంది. చిత్రమేమిటంటే ఆ నాలుగు ముక్కల్లో ఏ ఒక్కటీ ముక్కులా ఉండదు. ఒకటి చింతాకులా ఉంది, ఒకటి విరిగిన గాజు ముక్కలా ఉంది.

మా క్లాసులో ఒక అబ్బాయి ఈ తిప్పలేవీ పడలేదు. అప్పుడే కొత్తగా వచ్చిన ఇలస్ట్రేటర్ సీఎస్2 వెర్షనులో లైవ్ ట్రేస్ అని ఒక సదుపాయం ఉండేది. ఫోటో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే కంప్యూటరే మొత్తం వెక్టర్ చేసి ఇచ్చేది. అరగంటలో ముగించి, మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొమ్మ మా అందరి బొమ్మలకన్నా అతని పోలికలోనే ఉంది. మేడం ఏమీ అనకుండా కంట్రోల్ వై నొక్కారు. రంగులన్నీ మాయమై, గీతల ఎముకల గూడు మాత్రం మిగిలింది. తెర నిండా చీమలు పారినట్టు వేల పాయింట్లు. "మీ ఎడమ కన్ను ఎక్కడుందో చూపించండి" అన్నారు. చూపించలేకపోయాడు. ఆవిడ కోప్పడలేదు. మళ్లీ మొదలుపెట్టమన్నారు, అంతే. ఆ అబ్బాయి ఇప్పుడు మంచి యానిమేటరు అని విన్నాను. ఆ లైవ్ ట్రేసు నేనూ ఆ తరువాత ఉద్యోగంలో లెక్కలేనన్ని సార్లు వాడాను, తొందర పని మీద, మనసులో మేడంకు దండం పెట్టుకుని.

*

అసలు కథ రంగు దగ్గర.

బడిలో మా మైనపు క్రేయాన్ల డబ్బాలో లేత గులాబీ రంగుది ఒకటి ఉండేది. దాన్ని అందరం స్కిన్ కలర్ అనేవాళ్లం. సీతమ్మ వేసినా, రైతు వేసినా, చాచా నెహ్రూ వేసినా ముఖానికి అదే. దానితో వేసిన ముఖం నెల్లిమర్లలో ఒక్కరికీ లేదని మాకు ఎవరికీ తట్టలేదు. నేను నా ముఖం అడుగు పొర వేయవలసి వచ్చినప్పుడు రంగుల పలకలోంచి సరిగ్గా ఆ గులాబీకి దగ్గరగా ఉన్నది ఏరి, కొంచెం పసుపు కలిపి నింపాను. బొబ్బిలి అమ్మాయి చూసి "బాగా వచ్చింది" అంది. తనూ అదే వేసుకుంది.

తెలుగులో ఛాయకు ఎన్ని మాటలో. తెల్లగా ఉన్నవాళ్లని ఎర్రగా బుర్రగా ఉన్నారంటాం. మధ్యరకానికి చామనచాయ. ఇంకాస్త ముదురైతే "కళ గల ముఖం" అని మాట దాటవేస్తాం. నన్ను చూడవచ్చిన చుట్టాలంతా ఈ మూడోదే అనేవారు. నాయనమ్మ మాత్రం "నలుపు నారాయణ మెచ్చు" అనేది గానీ, ఆ వెంటనే సున్నిపిండిలో పసుపు మరో గరిటె వేసేది.

మేడం నా బొమ్మ ముందు ఆగి, "ఇది ఎవరు?" అన్నారు. నేనే మేడం అన్నాను. "మరి ఐ డ్రాపర్ ఏమంటోందో అడుగుదాం" అని, సిరా ఫిల్లర్ లాంటి ఆ టూలు తీసుకుని, ఫోటోలో నా చెంప మీద నొక్కారు. పక్క పెట్టెలో మూడు అంకెలు వచ్చాయి. ఎరుపు 118, ఆకుపచ్చ 77, నీలం 55. ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉండే ఈ మూడు అంకెలతోనే తెర మీద 1,67,77,216 రంగులు పుడతాయి. నా చెంప వాటిలో ఒకటి. ఆ అంకెలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. బ్యాంకు ఖాతా నంబరు గుర్తులేదు.

తరువాత నుదురు మీద నొక్కారు, మరో అంకె. కిటికీ వైపు ముక్కు కొన మీద దాదాపు తెలుపు. దవడ కింద నీడలో ముదురు ఊదా. చెవి అంచులో, వెలుగు వెనకనుంచి పడ్డచోట, పండిన నేరేడు రసంలాంటి ఎరుపు. అక్కడ ఎరుపు ఉందని నాకు తెలియనే తెలియదు. ఇందులో నా రంగు ఏది మేడం అని అడిగాను. "ఏదో ఒకటి ఉంటుందని మీకు ఎవరు చెప్పారు?" అన్నారు.

ఆవిడ అంతటితో వదలలేదు. మర్నాడు ఇరవై నలుగురి ఫోటోల్లోనూ చెంప రంగు తీయించి, ఒకే పేజీలో వరసగా చతురస్రాలు పెట్టించారు. క్లాసులో అందరికన్నా ఎర్రగా ఉందని పేరున్న అమ్మాయి ఒక చివర, చీపురుపల్లి నుంచి వచ్చే అబ్బాయి మరో చివర. అప్పుడు రంగును మరో లెక్కలోకి మార్చి చూపించారు. ఆ లెక్కలో రంగు జాతి ఒక అంకె, గాఢత ఒక అంకె, వెలుగు ఒక అంకె. ఇరవై నలుగురిలోనూ రంగు జాతి అంకె నారింజ ప్రాంతం దాటి పోలేదు. మారింది ముఖ్యంగా వెలుగు అంకె ఒక్కటే. అందరమూ నారింజ రంగు వాళ్లమేనని తేలడంతో చీపురుపల్లి అబ్బాయి లేచి, ఎర్రమ్మాయికి వంగి నమస్కారం పెట్టి "చెల్లెమ్మా" అన్నాడు. గది దద్దరిల్లింది.

నేను గులాబీ పొర తీసేసి మొదటి నుంచి వేసుకున్నాను. మొత్తం పదకొండు రంగులు వాడాను. వాటిని ఒక గుంపుగా దాచుకుని, దానికి "నేను" అని పేరు పెట్టాను.

*

ఆ పనంతా ఒక ఫ్లాపీలో, అంటే ఫైళ్లను అయస్కాంతపు పూత మీద దాచే పలచటి డిస్కులో, ఉండేది. ఫోటో తీసేశాక వెక్టర్ బొమ్మ బరువు చాలా తక్కువ, 1.44 ఎంబీ ఫ్లాపీలో సగం కూడా నిండలేదు. గీతలను గీతలుగా కాక లెక్కలుగా దాచుకోవడంలోని పొదుపు అది. నేను దాన్ని రోజూ క్యారేజీ సంచిలో ఇంటికి తెచ్చి, మళ్లీ తీసుకెళ్లేదాన్ని. ఇంట్లో కంప్యూటరు లేదు. ఊరికే, దగ్గర ఉంటే ధైర్యం.

అన్నయ్యకు అప్పట్లో టేపు రికార్డర్లు విప్పే పిచ్చి ఉండేది. ఒక రాత్రి నా ఫ్లాపీ ఉన్న అలమరలో, సరిగ్గా దాని మీద, విప్పిన స్పీకరు ఒకటి పెట్టాడు. స్పీకరు వెనక ఉండే అయస్కాంతం అరచేతి మందం. మర్నాడు ల్యాబులో ఫ్లాపీ పెడితే డ్రైవు కొంతసేపు గరగరమని గొంతు సవరించుకుని, ఏమీ లేదని చెప్పింది. ఏడ్చాను. ల్యాబు కంప్యూటరులో ఉన్నది మూడు వారాల కిందటి ముక్కు లేని ముఖం. గడువు నాలుగు రోజులు. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినకుండా వాకిట్లో కూర్చున్నాడు, నేనూ పలకరించలేదు.

ముప్ఫై రోజుల పనిని మూడు రోజుల్లో మళ్లీ చేశాను. పాయింట్లు సగానికి తగ్గాయి. ముక్కు ఒక్క గంటలో వచ్చింది. ఈ సంగతి అన్నయ్యకు మాత్రం చాలా కాలం చెప్పలేదు.

*

ప్రింటు వేయించడానికి గంటస్తంభం దగ్గర ఒక కలర్ ప్రింట్ల దుకాణానికి నేనూ, బొబ్బిలి అమ్మాయీ వెళ్లాం. తెరమీది రంగు వెలుగుతో చేసింది, కాగితం మీది రంగు నాలుగు సిరాలతో చేసేది, కాబట్టి ప్రింటులో కొంచెం మందగిస్తుందని మేడం ముందే చెప్పి పంపారు. ఆపరేటరు ఫైలు తెరిచి, నా బొమ్మ వైపూ నా వైపూ చూసి, ఎంతో మర్యాదగా, "కొంచెం లైట్ చేయమంటారా అమ్మా? ఫేసు తెల్లగా వస్తాది" అన్నాడు. అతనిలో కుటిలమేమీ లేదు. అందరికీ చేసిపెట్టే ఉపకారమే నాకూ చేయబోయాడు. వద్దు అనడానికి నాకు గొంతు పెగల్లేదు. బొబ్బిలి అమ్మాయే "అలాగే ఉంచండి, మార్కులు పోతాయి" అంది.

వరండాలో ఇరవై నాలుగు ముఖాలూ తాళ్లకు వేలాడదీశారు. గాలి వీస్తే అందరమూ ఒకేసారి ఊగేవాళ్లం. ఇంటికి తెచ్చాక నాయనమ్మ దాన్ని చాప మీద పరిచి, వంగి, చెయ్యి ఆనించి చూసింది. ఆవిడ చెయ్యి నిండా పచ్చబొట్లు. చిన్నప్పుడు సంతలో పొడిపించుకున్నవి, నీలిరంగు చుక్కలూ తేలు బొమ్మా. కళ్లు, ముక్కు, నోరు దాటి ఆవిడ వేలు నా చెవి దగ్గర ఆగింది.

"ఇది మా యమ్మ సెవి" అంది.

నాయనమ్మ తల్లిని మేమెవరం చూడలేదు. ఫోటో కూడా లేదు. ఆ చెవిని పదిహేడు పాయింట్లతో గీసిన నేను, అది ఎవరిదని ఎప్పుడూ అనుకోలేదు. నాన్న మాత్రం బొమ్మని దూరంగా పట్టుకుని, "ముక్కలు ముక్కలుగా అతికినట్టుంది గానీ మన గుంటే" అని తీర్పు చెప్పి, మిల్లునుంచి తెచ్చిన చెక్కతో ఫ్రేము కట్టించారు.

*

చదువు అయ్యాక అదే విజయనగరంలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో నాలుగేళ్లు పనిచేశాను. అప్పటికి గోడల మీద బ్రష్షుతో అక్షరాలు రాసేవాళ్ల పని తగ్గిపోతోంది. వాళ్లలో ఒకాయన మా దుకాణానికి వచ్చి కూర్చుని, నేను అక్షరాలకు నీడలు కడుతుంటే చూసేవాడు. "మీ అక్షరం ఎన్ని అడుగులు చేసినా అంచు చెదరదు గదమ్మా" అనేవాడు. ప్రెస్సుకు ఫైలు పంపే ముందు "కర్వ్స్ చేశారా?" అని అటువైపు నుంచి తప్పకుండా ఫోను వచ్చేది, అక్షరాన్ని ఫాంటు నుంచి విడదీసి గీతగా మార్చకపోతే అక్కడ తెలుగు కాస్తా పిచ్చి గుర్తులైపోతుంది. అలా రోజుకు వందల అక్షరాలను కర్వ్స్ చేశాను. అ, క, ల, అన్నీ బెజియే గీతలే. మన లిపిలో తిన్నని గీత వెతికినా దొరకదు కాబట్టి ఆ పని నాకు ఎన్నడూ విసుగు రాలేదు.

విసుగు వచ్చింది ముఖాలతో. పుట్టినరోజు ఫ్లెక్సీ, పెళ్లి ఫ్లెక్సీ, నాయకుల ఫ్లెక్సీ, ఆఖరికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, దేనికైనా మొదటి మాట "కొంచెం లైట్ చెయ్యండి". పొలంలో అరవై ఏళ్లు ఎండిన తాతగారిని ఆయన మనవలు నా చేత గులాబీ చేయించారు. చేశాను, జీతం దానికే. నా పెళ్లిచూపుల ఫోటోని కూడా స్టూడియో అతను అలాగే చేసి కవరులో పెట్టి ఇచ్చాడు. అందులో నా చెవి ఎరుపు పోయింది, ముక్కు నీడ పోయింది. ముక్కు నీడ పోతే ముక్కు ఉండదని నాకు తెలుసు కదా, నిజంగానే లేదు. అమ్మ ఆ ఫోటో చూసి మురిసిపోతుంటే ఏమీ అనలేకపోయాను. సంబంధం ఆ ఫోటోతో కుదరలేదు. కుదిరిన సంబంధం వాళ్లు నన్ను బస్సు దిగుతుండగా చూసి కుదుర్చుకున్నారు.

మేడం ఆ తరువాత విజయనగరం రావడం మానేశారు. ఫోన్ నంబరు అడగాలన్న ఆలోచన ఆ వయసులో మాకు ఎవరికీ రాలేదు.

*

మేనల్లుడి ఫీజు కట్టేసి సాయంత్రం నెల్లిమర్ల వెళ్లాను. ముందు గదిలో నా బొమ్మ అలాగే ఉంది, కిటికీకి ఎదురుగోడ మీద. ఎండ రోజూ మూడు గంటలపాటు సూటిగా దాని మీద పడుతుంది. కలర్ ప్రింటులో పసుపూ ఎరుపూ ముందు వెలుస్తాయి, నీలం ఆఖరికి మిగులుతుంది. ఇరవై ఏళ్ల ఎండకు నా ముఖం నీలమైపోయింది.

"కిట్టయ్యలా అయిపోనావు" అంది అమ్మ. "కొత్తది ఏయించి తే. ఆ ఫ్రేములోనే పెడతాను, మీ నాన్న కట్టించింది."

ఫైలు నా దగ్గర ఉంది. ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్ డ్రైవుకు, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో మారుతూ నాతో వచ్చింది. మర్నాడు విజయనగరంలో ఒక దుకాణానికి వెళ్లి ఇచ్చాను. పాత దుకాణం ఇప్పుడు లేదు, ఇది మరొకటి. కుర్రవాడు తెరిచాడు. పక్కన రంగుల పలకలో "నేను" అన్న గుంపు, పదకొండు గళ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ కుర్రవాడు బొమ్మని పెద్దగా చేసి, చిన్నగా చేసి, మెచ్చుకోలుగా తల ఊపి, నా వైపు తిరిగాడు.

"కొంచెం లైట్ చేయమంటారా మేడం?"

"ఒద్దు బాబూ" అన్నాను. ఈసారి గొంతు పెగిలింది.

ప్రింటు బయటకు వచ్చింది. చెవి దగ్గర ఎరుపు ఉంది. అతను దాన్ని చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, డబ్బులు తీసుకుంటూ అడిగాడు.

"మీ పాపా మేడం?"